రెండు కెమెరాల్లో నీది ఒకటే

చిట్టీ, బల్ల మీద లెన్సు మార్చుకునే కెమెరాలు రెండున్నాయి. నీకు ఒకటే. నచ్చనిది ఆరింటికల్లా కొట్టులో తిరిగి ఇచ్చెయ్. రెండూ మెడలో వేసుకుని ఇల్లంతా తిరిగి చూడు. చేతిలో ఇమిడిందే ఉంచుకో. నేను ఉలి కొన్నా పిడి చూసే కొంటాను.

మీ మామయ్య వస్తే ఇంట్లో లేనట్టు ఊరుకో. పెద్దదే గొప్పదంటాడు, మీ అమ్మ తలూపుతుంది. చెప్పుల జత కొనాలన్నా నలుగురిని అడిగే రకం వాడు! ఈ ఇంట్లో నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగరు, ఏడో తరగతి తప్పినవాణ్ణి కదా.

పొద్దున మీ అమ్మ గురక పెడుతుంటే రెండింటితోనూ ఫోటో తీశాను. ఏది బాగా వచ్చిందో చూసుకుని చెరిపెయ్. లేకపోతే నాకు ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు.

నాన్న

మరిచాను. నీ మొదటి ఫోటో నాదే తియ్యి. వద్దని కసురుకుంటాను. అయినా తియ్యి.