కొత్తపిట్ట అడిగిన ప్రశ్నలు

ఆదివారం

అక్కా,

ఫోన్ చేస్తే నీ గొంతు వినగానే నాకు ఏడుపు తన్నుకొస్తుంది, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. అందుకే కాగితం తీసుకున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు, మధ్యలో తిట్టుకోకు.

ముందు నీకు సంబంధించిన నిజం చెప్పేస్తాను. నీ ల్యాబులో అందరితోనూ "మా చెల్లెలు ప్రోగ్రాములు రాస్తుంది" అని చెప్పుకుంటావు కదా. నన్ను ఈ ఉద్యోగంలోకి తీసుకున్నది ప్రోగ్రాములు రాయడానికి కాదక్కా. అప్పటికి నాకు ఒక్క లైను రాయడం కూడా రాదు. ఇంటర్వ్యూ చేసినాయన "మీకు మనుషులతో కలిసిపోవడం వచ్చు, మాకు అదే కావాలి" అన్నాడు. ఆ సాయంత్రం నీకు చెబుదామని వస్తే, నువ్వు అప్పటికే పక్కింటివాళ్లకి కూడా చెప్పేసి, నన్ను పట్టుకుని ఊపేశావు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడేళ్లు గడిపేశాను.

నేను చేసే పని ఇది. మా కంపెనీ ఒక సాధనం తయారుచేస్తుంది. దాంతో బయటి ప్రోగ్రామర్లు తమకు కావలసిన చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు రాసుకుంటారు. ఒకరు మందుల దుకాణానికి రాసుకుంటారు, ఇంకొకరు గ్యారేజీకి. అలా వాడేవాళ్లు ఎంతమంది ఉంటే మాకు అంత బలం. వాళ్లందరూ కలుసుకోవడానికి ఇంటర్నెట్టులో ఒక ఫోరం పెట్టాం. చిక్కు పడినవాళ్లు అక్కడ అడుగుతారు, తెలిసినవాళ్లు చెబుతారు. బాగా చెప్పేవాళ్ల పేరు పక్కన పతకం బొమ్మ పెడతాం, స్టిక్కర్లూ టీషర్టులూ పంపుతాం, ఏడాదికోసారి పిలిచి సభ చేస్తాం. పైసా తీసుకోకుండా గంటల తరబడి జవాబులు రాసే మనుషులక్కా వాళ్లు. వాళ్లని పలకరించడం, అలిగితే బుజ్జగించడం, కొత్తగా వచ్చినవాళ్లని బెదిరిపోకుండా చూసుకోవడం నా ఉద్యోగం. నాకు ఆ పనంటే ప్రాణం. ఆ ఒక్కటీ నేనెప్పుడూ నటించలేదు.

మిగతాదంతా నటించాను. ఫోరం తెరిచిన కొత్తలో ఒక్క మనిషీ రాలేదు. మా మేనేజరు నన్ను పిలిచి, "ఖాళీ హోటల్లోకి ఎవరు అడుగుపెడతారమ్మా? నాలుగు బల్లలైనా నిండినట్టు కనిపించాలి. నువ్వే వేరే వేరే పేర్లు పెట్టుకుని ప్రశ్నలడుగు, మన ఇంజినీర్లు జవాబులిస్తారు. జనం వచ్చాక ఆపేద్దాం" అన్నాడు. నేను ఏడు పేర్లు పెట్టుకున్నాను. అందులో ఒకటి కొత్తపిట్ట. ఏదో చిన్న ఆఫీసులో గుమాస్తా పని చేస్తూ సొంతంగా ప్రోగ్రాములు నేర్చుకుంటున్న అమ్మాయి అని రాశాను. ఇంజినీర్లు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నల్ని ఆ అమ్మాయి పేరుతో అడిగాను.

మా ఇంజినీరు జవాబు రాసేలోపలే ఎవరో రాసేశారు. ఫోరంలో ఆయన పేరు మూడో అంతస్తు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ లిఫ్టుకి ఎప్పుడు ఏం రిపేరు చేశాడో గుర్తుపెట్టుకోవడానికి సొంతంగా ప్రోగ్రాములు నేర్చుకున్నాడట. "పిట్టా, భయపడకు. ముందు నీ ప్రోగ్రాం ఏం చేస్తోందో మాటల్లో చెప్పు, తర్వాత సంగతి చూద్దాం" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాడు. నిజమైన మనిషి వచ్చాడని నేను ఆఫీసులో కేకపెట్టాను.

జనం వచ్చారు. మిగతా ఆరు పేర్లూ మానేశాను. కొత్తపిట్టని మాత్రం మానలేకపోయాను. కొన్నాళ్లకి చీటీల అవసరం కూడా లేకుండా పోయింది. నువ్వు నమ్మవు గానీ రెండేళ్లు నడిచింది. నా మొట్టమొదటి ప్రోగ్రాం పని చేసిందని కొత్తపిట్ట రాసిన రోజు ఆయన ఏం రాశాడో తెలుసా? "నాకు చదువు అబ్బలేదని బళ్లో వెనక బెంచీలో కూర్చోబెట్టారు. నా వల్ల ఒకరికి ఏదైనా వచ్చిందంటే అది నువ్వే" అన్నాడు.

ఇంకో పది రోజుల్లో సభ. ఈసారి పెద్ద పతకం ఆయనకే. "ఆ కొత్తపిట్టని కూడా పిలవండి, ఒక్కసారి చూడాలి" అని అడిగాడు. మా మేనేజరుకి అది తెగ నచ్చేసింది. గురువునీ శిష్యురాల్నీ వేదిక మీద పక్కపక్కన నిలబెట్టి ఫోటోలు తీయిస్తాడట. కొత్తపిట్ట నేనే కదా అని గుర్తుచేస్తే ఒక్క క్షణం ఆలోచించి, "రిసెప్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి ఉందిగా, రెండు ముక్కలు నేర్పించు. ఐదు నిమిషాల పనే" అన్నాడు.

నువ్వు ల్యాబులో రక్తం తీయడానికి సూది గుచ్చే ముందు ఎవరితోనూ నొప్పి ఉండదని చెప్పవు. కాస్త నొప్పిగా ఉంటుందని ముందే చెప్పి గుచ్చుతావు. నేనేమో రెండేళ్లుగా నొప్పి లేదంటూనే గుచ్చుతున్నాను. ఏం చెయ్యమంటావో రాయి.

నీ,
చెల్లి


శుక్రవారం

అక్కా,

నీ జవాబు వేళకే అందింది. నాలుగు పేజీలు తిడతావనుకున్నాను, నాలుగు లైన్లు రాశావు. "ల్యాబులో అందరికీ చెప్పేశాను, మా చెల్లెలు ప్రోగ్రాములు రాయదు, మనుషుల్ని చూసుకుంటుందని. నాకు తలవంపులేం కాలేదు. నువ్వూ వెళ్లి ఆయనకి చెప్పు." ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకునే సభకి వెళ్లాను.

ఆయన అందరికన్నా ముందే వచ్చేశాడు. యాభై దాటి ఉంటాయి, బక్కపల్చటి మనిషి, గోళ్ల సందుల్లో కడిగినా పోని గ్రీజు. చొక్కా ఇస్త్రీ మడతలు ఇంకా నలగలేదు. చేతిలో స్పైరల్ బైండింగు చేయించిన లావుపాటి పుస్తకం. నన్ను చూడగానే, "మేడమ్, పిట్ట వచ్చిందా? ఈ పుస్తకం ఆ అమ్మాయికే. ఇక ముందు నేర్చుకోవాల్సినవన్నీ వరసగా రాశాను" అన్నాడు.

హాలు వెనక టీషర్టుల అట్టపెట్టెలు పెట్టిన గది ఉంది. అక్కడికి తీసుకెళ్లాను. కూర్చోమంటే ఒక పెట్టె మీద కూర్చున్నాడు. పొద్దుటినుంచీ పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో గానీ, "కొత్తపిట్ట లేదండీ. ఆ పేరుతో రాసింది నేనే" అని మాత్రం అనగలిగాను.

ఆయనకి మొదట అర్థం కాలేదు. "అంటే, ఆ అమ్మాయి మీతో చెప్పి రాయించిందా?"

"కాదండీ. అలాంటి అమ్మాయే లేదు. ఫోరంలో జనం ఉన్నట్టు కనిపించాలని నేను కల్పించాను."

పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్ట మీద చెయ్యి ఆనించాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. మెల్లగా అడిగాడు.

"మరి ఆ అమ్మాయి ప్రోగ్రాం పని చేసిందని రాశారు?"

పుస్తకాన్ని చంకలోకి తీసుకున్నాడు.

"ఆ రోజు మా ఆవిడా నేనూ సినిమాకి వెళ్లాం మేడమ్, అదే సంతోషమని. ఇప్పుడు ఇంటికెళ్లి ఆవిడకి ఏమని చెప్పను?"

అక్కా, నేను నిజంగానే కొంత నేర్చుకున్నానని చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. ఆ క్షణాన అది తప్పించుకోవడానికి చెప్పే మాటలా ఉంటుందనిపించి మింగేశాను. ఆయన లేచాడు. పుస్తకం నాకివ్వలేదు. ఎవరినీ చూడకుండా, పతకం సంగతి కూడా ఎత్తకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మేనేజరు పరుగున వచ్చి, "ఆయన పోతే పోనీ, ఆ అమ్మాయిని వేదిక ఎక్కించెయ్. గురువుగారికి ఒంట్లో బాగోలేదని చెబుదాం" అన్నాడు. రిసెప్షన్ అమ్మాయి నావంక బిక్కమొహం వేసుకుని చూస్తోంది, చేతిలో నేను రాసిచ్చిన కాగితం ఉంది. అవునక్కా, రాసిచ్చాను. అంతదాకా వెళ్లాను. ఆ కాగితం తీసేసుకుని, "నువ్వు వెళ్లి భోంచెయ్యమ్మా" అని ఆ పిల్లని పంపేసి నేనే మైకు ముందుకి వెళ్లాను.

నాలుగొందల మంది ఉంటారు. ఏడు పేర్లూ ఒక్కొక్కటే చదివాను. ఇవన్నీ నేనేనని, ఇవాళే తీసేస్తున్నానని, మూడో అంతస్తు గారికి చేసింది మాత్రం తీసేస్తే పోయేది కాదని చెప్పాను. ముందు వరసలో ఒకావిడ లేచి, "నాకు జవాబులిచ్చినవాళ్లయినా మనుషులేనా, వాళ్లూ మీరేనా?" అని అడిగింది. "జవాబులిచ్చినవాళ్లందరూ మనుషులేనండీ. ప్రశ్నల్లోనే మోసం చేశాను" అన్నాను. ఎవరో పెద్దగా నవ్వారు. కొందరు కుర్చీలు చరచరా వెనక్కి నెట్టి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఎందుకు మిగిలారో నాకు తెలీదు.

సాయంత్రంలోపే నా గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. మేనేజరు తిట్టలేదు, అదే విచిత్రం. "నిన్ను నేనే ఇందులోకి దింపాను, అది నాకూ తెలుసు. కానీ ఆ మైకు ముందు నా పేరు చెప్పలేదు చూడు, అందుకు థాంక్స్" అన్నాడు. పాపం, ఆయనకీ పైన ఎవరో ఉన్నారు.

టీషర్టు పంపడానికని లిఫ్టు మెకానిక్కుగారు ఇచ్చిన ఇంటి చిరునామా నా దగ్గరుంది. నేను నేర్చుకున్న సంగతొక్కటి తప్ప జరిగిందంతా జరిగినట్టు రాసి పోస్టు చేశాను. క్షమించమని అడగలేదు. ఆయన మీద ఆ బరువు కూడా పెట్టడం ఎందుకు? జవాబు రాదని తెలుసు. నేను బాగానే ఉన్నాను, తింటున్నాను, నా గురించి బెంగపెట్టుకోకు.

నీ,
చెల్లి


మేడమ్ గారికి నమస్కారం.

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. ఫోరంలోనైతే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు, ఇక్కడ కొట్టివేతలు కనిపిస్తాయి. సర్దుకోండి.

మీ ఉత్తరం అందిన మూడు వారాలకి రాస్తున్నాను. మొదటి వారం మీ మీద కోపంతో రాయలేదు. రెండో వారం నా మీద నాకే కోపం వచ్చింది. అద్దం ముందు నిలబడి మాట్లాడుకున్నట్టు అయిపోయింది నా బతుకు అనిపించింది. మా ఆవిడకి చెప్పడానికే నాలుగు రోజులు పట్టింది. ఆవిడ అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది. "సరే, ఆ పిల్ల లేదు. మరి మీరు రాసిన జవాబులు ఎవరో ఒకరు చదివారుగా? వాళ్లకి ఏమైనా తలకెక్కిందా?"

ఆ మాట పట్టుకుని బైండింగు పుస్తకం మళ్లీ తీశాను. అందులో ముందు భాగమంతా కొత్తపిట్ట ప్రశ్నలూ నా జవాబులూ అచ్చేయించాను. మొత్తం అరవై నాలుగు. లిఫ్టు ఎందుకు ఆగిందో తెలియనప్పుడు ఎలా చూస్తానో అలాగే చూశాను, మొదటి నట్టు నుంచి.

మొదటి పదకొండు ప్రశ్నలూ బొంకు. అప్పుడే పట్టుకోవాల్సింది. జవాబు తెలిసినవాళ్లు అడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి. నేను చెప్పగానే "అర్థమైందండీ, ధన్యవాదాలు" అనేశారు. నేర్చుకునేవాళ్లకి అంత తొందరగా అర్థం కాదు మేడమ్. ఆ పదకొండింటికీ నాకు మీ మీద కోపం పోలేదు. పోతుందని మాటివ్వను.

పన్నెండోది వేరు. జాబితాలో పేర్లు ఒక్కొక్కటే చూసుకుంటూ అక్కర్లేనివి అప్పటికప్పుడే తీసేసే ప్రోగ్రాం అది. ఒక పేరు తీసేస్తే వెనకది ఆ ఖాళీలోకి జరుగుతుంది. ప్రోగ్రాం మాత్రం దాన్ని చూడకుండా ముందుకెళ్లిపోతుంది. అందుకే కొన్ని పేర్లు తీయకుండా మిగిలిపోయాయి. నేను అది చెబితే నమ్మలేదు. కంప్యూటరే పాడైందని వరసగా మూడుసార్లు రాశారు. మూడోసారి నా మీద విసుక్కున్నారు కూడా. రెండ్రోజులు పలకలేదు. తర్వాత వచ్చి ఒక్క మాట రాశారు, "తప్పు నాదే, కాగితం మీద గీసి చూసుకున్నాను" అని.

నటించేవాళ్లు తప్పు చేయగలరు. తప్పు మీద అంత మొండికెయ్యలేరు. ఆ మొండితనం నాకు తెలుసు, నేను నేర్చుకున్నప్పుడు నాకూ ఉంది. అక్కణ్ణుంచి అరవై నాలుగు దాకా ప్రతి ప్రశ్నా నిజమే. గుమాస్తా ఉద్యోగం అబద్ధం, పేరు అబద్ధం, ప్రశ్న మాత్రం నిజం. ఆ ప్రోగ్రాం పని చేసిన రోజు కూడా నిజమేనని నేననుకుంటున్నాను. కాదంటే రాయండి. నిజమే అయితే రాయక్కర్లేదు.

ఇక్కణ్ణుంచి నిన్ను నువ్వు అనే అంటాను. పదకొండు ప్రశ్నలడిగిన ఆవిడతో నాకు పరిచయం లేదు, ఆవిడ మేడమ్ గారే. మిగతా యాభై మూడూ అడిగిన మనిషికి నేను పాఠం చెప్పాను.

గదిలో ఆ రోజు ఈ ముక్క ఎందుకు చెప్పలేదు పిట్టా? ఉత్తరంలో కూడా రాయలేదు. రాస్తే నమ్మేవాణ్ణి కాదులే. అది నేనే వెతికి పట్టుకోవడం మంచిదైంది.

కంపెనీ ఫోరంలోకి నేనిక వెళ్లను. నీ కుర్చీలో కూర్చున్న కొత్త మనిషి క్షమాపణ కార్డుతో పాటు రెండు టీషర్టులు పంపాడు. ఒకదాంతో మా ఆవిడ కిటికీ అద్దాలు తుడుస్తోంది, బాగా తుడుస్తుందట. ఆ రోజు సభలో కడదాకా కూర్చున్నవాళ్లలో కొందరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ముందు వరసలో లేచి నిన్ను నిలదీసిన ఆవిడ కూడా వచ్చింది. మందుల దుకాణం ఆవిడది. శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీ మేడమీద గదిలో కలుస్తున్నాం. ఎవరి కంప్యూటరు వాళ్లే తెచ్చుకుంటారు. పతకాలూ స్టిక్కర్లూ ఏం లేవు. ఫ్యాను ఒకటి ఉంది, అదీ నేనే బాగుచేశాను.

వచ్చే శనివారం ఆరుగురు కొత్తవాళ్లు వస్తున్నారు, అసలేమీ రానివాళ్లు. నేను మొదటి పాఠం చెబితే గబగబా చెప్పుకుపోతానని మందుల దుకాణం ఆవిడ ఫిర్యాదు. నిజమే. ఏది ఎక్కడ అర్థం కాకుండా పోతుందో నాకు గుర్తులేదు, చాలా ఏళ్లయింది. నీకు ఇంకా గుర్తుంటుంది. అందుకని ఆ పాఠం నువ్వే చెప్పు. నువ్వెవరో ఆవిడకి చెప్పాను. కాసేపు మూతి ముడిచి, "రానివ్వండి, చూద్దాం" అంది. మా ఆవిడ కూడా వస్తానంటోంది, నీ మొహం చూడాలట. ఏమైనా అంటే పడు.

రెండు గంటలకల్లా వచ్చెయ్. ఆ ఆరుగురూ ముందుగా నీ పేరు అడుగుతారు. నీ అసలు పేరు చెప్పు.

ఇట్లు,
లిఫ్టు మెకానిక్కు