గుడ్లగూబల చరియ

ప్రొద్దుటూరు,
9 మార్చి 2025.

ప్రియమైన సోమ్లీబాయికి,

నీ నేస్తురాలు విజయలక్ష్మి ఆప్యాయంగా రాస్తున్నది. ఇంట్లో, అంగట్లో అందరం కుశలం. పులివెందులలో నువ్వు కుశలంగా ఉన్నావని మాత్రం అనుకోను. ఫోన్ ఎత్తవు కాబట్టి చీరలు మడిచే చేత్తో ఉత్తరం రాయాల్సి వచ్చింది. నా దస్తూరి చూసి నవ్వుకో, ఫర్వాలేదు.

హాస్టల్లో మన మంచాలు పక్కపక్కనే ఉండేవి కదా. తండా నుంచి వచ్చిన సుగాలి పిల్లవు, మీ లంబాడీ మాటలను తెలుగు అక్షరాల్లో పెట్టి, నాకు చదివి వినిపించి, అర్థం చెప్పేదానివి. తీతువు మీద రాసిన నీ మొదటి కవిత నాకింకా నోటికి వచ్చు. తర్వాత టీచరమ్మవయ్యావు. కవితల పుస్తకాలు వేశావు, పేపర్లో వారం వారం కొండల గురించి, పిట్టల గురించి రాశావు. విజయవాడలో నీకు శాలువా కప్పిన రోజు మా ఆయన అంగడి మూసి మరీ నన్ను తీసుకొచ్చాడు. పెళ్లిళ్ల రోజుల్లో అంగడి మూయడమంటే మా ఇళ్లల్లో మాటలు కాదు.

ఆ తర్వాతే ఆ గుడ్లగూబల పుస్తకం. జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున, ఏ చరియలో అవి గుడ్లు పెడతాయో దారితో సహా రాశావు. ప్రేమతోనే రాశావు. కెమెరాల వాళ్లు గుంపులుగా వచ్చి లైట్లు కొట్టారు. పక్షులు గుడ్లు వదిలేసి పోయాయి. తేనెపట్టు ఉండే చోటే మనం ఒకరికి చెప్పమే, బిడ్డలుండే చోటు ఎట్ల చెప్తివే అని మీ అమ్మ తిట్టింది. అప్పటి నుంచి నువ్వు కలం ముట్టలేదు, మీ అమ్మ గడపా తొక్కలేదు. మూడేళ్లయింది.

ఇప్పుడు అసలు సంగతి విను. పోయిన శుక్రవారం మీ అమ్మ మేకలను ఎవరికో అప్పగించి, బస్సెక్కి మా అంగడికి వచ్చింది. చీర కావాలేమో అనుకున్నాను. సంచిలోంచి నీ పుస్తకం తీసి, నా బిడ్డ ఏం రాసిండాదో సదువమ్మా అంది. మొత్తం చదివాను. బేరానికి వచ్చినవాళ్లు కూడా కూర్చుని విన్నారు. గుడ్లగూబ తల తిప్పి చూడటం రాశావే, అక్కడ ఆమె నవ్వింది, అచ్చం అట్లనే సూస్తాది అని. చివరికి వచ్చేసరికి కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. కోపంలో ఒక మాట అంటి, అది రాసేదే మానేస్తాదనుకోలేదు అంది. శానా బాగ రాస్తాది, చోటు పేరొకటి ఇడిసిపెట్టి ఏమన్నా రాసుకోమను అంది.

నాకు కోపం వచ్చింది సోమ్లీ, నీ మీదే. తప్పు జరిగితే దిద్దుకోవాలి గానీ, చేతులు కట్టుకుని కూర్చుంటే కొండకు ఒరిగిందేమిటి? గువ్వకూ పావురానికీ తేడా తెలియనిదాన్ని, నాకు పక్షులను చూపించింది నువ్వే. నీ రాత లేక నాకు ఏదో వెలితిగా ఉంది. నువ్వంటే ప్రాణం కాబట్టి తిడుతున్నాను. వచ్చే ఆదివారం మీ అమ్మ దగ్గరికి పో.

ఇట్లు,
నీ విజ్జి

తా.క.: ఇది కాగితం మీద పెట్టనని మీ అమ్మకు మాటిచ్చాను. నా కడుపులో మాట దాగదని నీకు తెలుసు. గుడ్లగూబలు తిరిగొచ్చాయి. ఈసారి వేరే చరియలో. రెండు పిల్లలట, తెల్లగా దూదిలాగా ఉన్నాయట. ఆమె బస్సెక్కి వచ్చింది అందుకే. చోటు ఏదని ఎంత అడిగినా నాకు చెప్పలేదు. దానికైతే సూపిస్తా, రమ్మను అంది.