ఎడమవైపు కూడా నాదే

బజారు చివర మెట్ల పక్కన కుట్టుదుకాణం నడిపే మనిషిని, చిన్నా పెద్దా టైలరమ్మ అని పిలిచేదాన్ని అయిన నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా స్వార్జితమైన స్థిరచరాస్తులు నా తదనంతరం ఎవరికి ఎలా చెందాలో నా ఇష్టప్రకారం రాసిపెడుతున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినదని నా పేరుతో ఎవరు ఏ కాగితం చూపించినా అది చెల్లదు.

పూర్తి తెలివితో అన్న మాట అందరి వీలునామాల్లోనూ ఉంటుంది. లాయర్లు ఆలోచించకుండానే రాసేస్తారు. నాకు మాత్రం ఆ మాట ఊరికే రాలేదు. దాని మీద విచారణ జరిగింది. నేను గెలిచాను. అధికారి ఇచ్చిన ఉత్తర్వు నకలు చివర జతపరిచాను. చదవాలనిపించినవాళ్లు చదువుకోవచ్చు.

ఈ కాగితాలకు ఎడమ అంచున ఎర్రగీత ఉంది. అందం కోసం కాదు. ఆ గీత కనిపించేదాకా తల తిప్పుతాను. కనిపించాక అక్కడినుంచి రాయడం, చదవడం మొదలుపెడతాను. గీత లేకపోతే ప్రతి వరుసా మధ్యలోంచి మొదలవుతుంది. అలా ఎందుకయిందో ముందు చెప్పాలి. లేకపోతే నా పంపకాలు ఎవరికీ అర్థం కావు.

ఒక మధ్యాహ్నం బడిపిల్లల యూనిఫారాలకు గుడ్డ కత్తిరిస్తున్నాను. గుడ్డ పక్కకి జారిపోతోంది. ఎదురుగా ఉన్న కటింగ్ మాస్టరుని, ఎందుకలా లాగుతావని కసిరాను. అతను గుడ్డ ముట్టుకోనే లేదట. నా ఎడమచెయ్యే పట్టు వదిలేసింది. అతను నా మొహం చూశాడు, మూతి వంకర చూశాడు, పక్క కొట్టువాళ్ల వ్యాను ఆపి నన్ను ఎక్కించాడు. ఆస్పత్రిలో తలకి స్కాన్ తీసి, మెదడు కుడివైపున ఒక రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గడ్డ కరిగించే మందు వేళకి ఎక్కింది కాబట్టి బతికాను. కాలూ చెయ్యీ కొంత మొండికేసినా నెమ్మదిగా దారికొచ్చాయి. పోయింది వేరే.

ఎడమవైపు పోయింది.

కళ్లకి ఏ జబ్బూ లేదు. ఆ పక్కన లోకం ఒకటుందన్న ధ్యాసే పోయింది. పళ్లెంలో సగం తిని, ఇంత తక్కువ పెట్టారేమని తగాదా పడేదాన్ని. జుట్టు కుడివైపే దువ్వుకునేదాన్ని. ఒక వస్తువు పోయిందని తెలిస్తే వెతుక్కుంటాం. పోయిందనే తెలియకపోతే ఏం వెతుకుతాం? ఇంటికొచ్చిన కొత్తలో మా అబ్బాయికి ఒక నీలం చొక్కా కుట్టాను. మాస్టరు కత్తిరించి గుండుసూదులు పెట్టి ఇచ్చాడు, నేను మోటారు మిషను మీద కుడిచేత్తో లాగించాను. చొక్కాకి ఎడమ చెయ్యి లేదని అందరూ అన్నారు. ఉందని నేను. మీరంతా కూడబలుక్కుని నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారని అరిచాను. అప్పుడే నన్ను మళ్లీ ఆస్పత్రికి, ఈసారి కింది అంతస్తులో ఫిజియో అమ్మాయి దగ్గరికి తీసుకెళ్లారు. అందుకే పంపకం ఆ పిల్లతో మొదలుపెడుతున్నాను.

1. చేత్తో తిప్పే నా పాత కుట్టుమిషను, దాని చెక్కపెట్టెతో సహా, ఫిజియో అమ్మాయి పనిచేసే గదికి చెందాలి. ఆమెకి కాదు, గదికి. ఆమె ఉద్యోగం మారినా మిషను కదలకూడదు.

ఆ పిల్ల నన్నొక తెర ముందు కూర్చోబెట్టింది. తెర కింద చిన్న కెమెరా, అది మన కళ్లనే చూస్తుంది. తెర మీద చెల్లాచెదురుగా పువ్వుల బొమ్మలు వచ్చాయి. అన్నీ వేలితో చూపించమంది. చూపించాను. అయిపోయాయన్నాను. ఆమె వాదించలేదు. నా చూపు ఎక్కడెక్కడ తిరిగిందో కెమెరా పట్టుకున్నదంతా గీతలుగా కాగితం మీద అచ్చుతీసింది. గీతలన్నీ చిక్కుపడ్డ దారపు ఉండలా ఉన్నాయి. అదేం గొప్ప అన్నాను. ఆమె కాగితాన్ని తలకిందులుగా తిప్పింది. అంతవరకు ఎడమపక్కనున్న సగం కుడిపక్కకి వచ్చింది. అందులో బోలెడు పువ్వులున్నాయి. ఒక్క గీత లేదు.

ఇంట్లోవాళ్లు చెప్పిందంతా నిజమేనని తెలియడం కంటే పిచ్చిదాన్ననుకోవడమే తేలికగా ఉంది.

"ఇది తెలివి తగ్గడం కాదమ్మా," అంది ఆ పిల్ల. "మీ చూపు ఎడమవైపు దారి మర్చిపోయింది. నేర్పిద్దాం."

నేర్పింది. నేనేమీ బుద్ధిమంతురాలైన శిష్యురాలిని కాదు. రెండు మణికట్లకీ గడియారాల్లాంటి పట్టీలు కట్టింది. ఏ చెయ్యి ఎంత కదిలిందో అవి లెక్కపెడతాయి. ఎడమచేతి పట్టీ అస్తమానం బద్ధకస్తురాలని చాడీలు చెబుతోందని, దాన్నీ విప్పి కుడిచేతికే కట్టేశాను. ఆ పిల్ల పట్టీల లెక్క చూసి, రెండు చేతులూ రోజంతా ఒక్కలాగే కదిలాయి, పొద్దున్నించీ చప్పట్లు కొడుతున్నారా అని అడిగింది. మళ్లీ ఆ పని చేయలేదు. ఆ పట్టీలు ఒరుసుకుని చర్మం కందుతోందని తర్వాత ఇద్దరం కలిసి మెత్తటి గుడ్డ తొడుగులు తయారుచేశాం. ఎడమ చెప్పులో పెట్టే రేకుకి కూడా, అదే, బరువంతా కుడికాలి మీద వేస్తే గుర్రుమని గోల చేసే రేకుకి, ఒక తొడుగు కుట్టాం. వాటి నమూనాలు ఎవరడిగినా ఇవ్వాలి. ఎవరూ తమ సొంతమని తాళం వేసుకోకూడదు.

మిషను ఎందుకంటే, ఆ గదిలో ప్లాస్టిక్ గ్లాసులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పేర్చి పేర్చి నాకు విసుగొచ్చింది. మిషను మీద ఎడమచేత్తో గుడ్డ తొయ్యకపోతే కుట్టు పక్కదారి పడుతుంది. ఏదో ఒకటి తయారవుతుంటే చెయ్యి మాట వింటుంది. కనీసం సంచీ అయినా ఇంటికి తీసుకెళ్తారు.

2. నేనుండే రెండు గదుల ఇల్లు, అందులోని సామానుతో సహా, మా ఆయన బతికున్నంతకాలం ఆయన అనుభవించాలి. ఆయన్ని ఖాళీ చేయమని, పై గదికి మారమని, ఎవరింటికో వచ్చి ఉండమని ఏ బంధువూ అనకూడదు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ నెమ్మదిగా మాట్లాడటం రాదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఈ మనిషి ఒక్కసారైనా చూడటానికి రాలేదని కుళ్లి కుళ్లి ఏడ్చాను. నర్సు దగ్గర నానా మాటలూ అన్నాను. ఆయన మంచానికి ఎడమపక్క కుర్చీలో కూర్చుని అన్నీ వింటున్నారట. గొంతు వినబడితే బయట నడవలో ఎవరితోనో కబుర్లు చెబుతున్నారనుకున్నాను. ఆ తర్వాత ఆయన కుర్చీ కుడిపక్కకి మార్చుకున్నారు, ఇంటికొచ్చాక కూడా అటే వేసుకునేవారు. నేను చూశాను. హాయిగా ఉంది.

ఫిజియో అమ్మాయి ఆ హాయి చెడగొట్టింది. కుర్చీ మళ్లీ ఎడమపక్కకి వెయ్యండి, అక్కడినుంచే పిలవండి, ఆవిడ మిమ్మల్ని వెతుక్కోవాలి అంది. ఆయన మొహం మాడ్చుకున్నారు. ఎన్నాళ్లకో కనబడ్డాను, మళ్లీ మాయమైపొమ్మంటావా అని అడిగారు. అయినా వేశారు. వారాల తరబడి ఆయన నాకు లేరు. గొంతొకటే ఉండేది. ఒక సాయంత్రం అలసిపోయి, ఇక నావల్ల కాదు, ఇలాగే వదిలేయండి అన్నాను. పక్కనుంచి ఆయన పాత డ్యూటీ గొంతు వచ్చింది. "మార్కెట్టు... ఆస్పత్రి గేటు... ఎడమవైపు దిగాలి, ఎడమవైపు. ఇటు చూడవే, బస్సు ఆగదు."

నవ్వొచ్చింది. నవ్వుతూనే తల తిప్పాను. ఇంకా తిప్పాను. మెడ పట్టేసింది. ముందు కుర్చీ కోడు కనిపించింది, తర్వాత మోకాలు, తర్వాత ఆ మనిషి. గడ్డం గీసుకోలేదు. చొక్కా బొత్తాం ఒకటి ఊడి ఉంది. ఎన్నాళ్లుగా ఊడి ఉందో, నేను చూడలేదు. బొత్తాం సంగతే అడిగాను. ఆయన ఏడ్చారు. అందువల్ల పైన చెప్పిన ఇంటితోపాటు నా బొత్తాల డబ్బాలూ ఆయనకే చెందాలి. కుట్టుకోవడం ఎలాగో నేర్పాను. నేర్చుకోనట్టు నటిస్తున్నారు.

3. మా ఆయన తదనంతరం ఆ ఇల్లు మా అబ్బాయికి దాన విక్రయాది సర్వహక్కులతో చెందాలి. దుకాణంలో మాత్రం వాడికి గజం జాగా కూడా లేదు.

ఇది పగతో రాస్తున్నానని వాడు అనుకోవచ్చు. కొంత పగే. ఫిజియో గదిలో నేను మెడలు తిప్పుకుంటున్న రోజుల్లో వాడు నా స్కాన్ ఫిల్మ్ ఇంకో డాక్టరుకి చూపించాడు. ఆయన నన్ను చూడకుండానే, ఈమె సొంత వ్యవహారాలు చూసుకోలేదని సర్టిఫికెట్ ఇచ్చాడు. దాంతో మా అబ్బాయి నాకు సంరక్షకుడిగా తనని నియమించాలని దరఖాస్తు పెట్టాడు. దుకాణం ఫోన్లు అమ్మేవాళ్లకి ఇచ్చేసి, నన్ను తన ఇంట్లో కూర్చోబెట్టి చూసుకుంటాడట. దొంగబుద్ధితో కాదు. ఒంటిచెయ్యి చొక్కా చూసిన రోజు వాడు నవ్వలేదు, పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. ఆ రోజే వాడి లెక్కలో నేను పోయాను. బతికున్న తల్లికి అంత తొందరగా నీళ్లు వదిలేశాడే అని నా కోపం.

విచారణకి నేనే వెళ్తానన్నాను. గదిలో పొడవాటి బల్ల, అవతల అధికారి. అబ్బాయి ఫిల్మ్‌ని కిటికీ వెలుతురుకి ఎత్తి, మచ్చ చూపించి, ఇంత దెబ్బ తగిలిన మనిషి నిర్ణయాలెలా తీసుకుంటుందని అడిగాడు. మా ఆస్పత్రి స్కాన్ డాక్టరు కూడా వచ్చారు. మచ్చ ఉన్నమాట నిజమేనన్నారు. "ఇల్లు ఎక్కడ కాలిందో ఈ ఫోటో చూసి చెప్పగలను. ఇంట్లోవాళ్లు ఇప్పుడేం ఆలోచిస్తున్నారో చెప్పలేను. అది ఆవిణ్ణే అడగాలి."

అధికారి ఒక కాగితం ఇచ్చి చదవమన్నారు. కంగారులో గీత సంగతి మర్చిపోయి ప్రతి వరుసా సగంలోంచి చదివాను. అర్థంపర్థం లేదు. అబ్బాయి తల దించుకున్నాడు. వాడికి సంతోషంగా లేదు, అది నేను చూశాను. సంచీలోంచి ఎర్రగుడ్డ పట్టీ తీసి, దీన్ని ఎడమ అంచున పెట్టుకోవచ్చా అని అడిగాను. పెట్టుకోమన్నారు. పట్టీ దొరికేదాకా తల తిప్పుకుంటూ వెళ్లి, అక్కడినుంచి మొదటి అక్షరంతో మొదలుపెట్టి చివరిదాకా చదివాను. అది అబ్బాయి పెట్టిన దరఖాస్తే. చదవడం అయ్యాక అందులో తప్పులు కూడా చెప్పాను.

దుకాణం ఏం చేద్దామనుకుంటున్నారని అధికారి అడిగారు. నడుపుతానన్నాను. "నాకు ఎడమవైపు సరిగ్గా కనిపించకపోవచ్చండీ. నావైపు ఎవరున్నారో కనిపిస్తోంది." అలా అంటూ తిరిగితే నా ఎడమపక్కన కోడలు కూర్చుని ఉంది. మొగుడి పక్కనుంచి లేచి ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియదు.

ఆ నీలం చొక్కా కూడా అబ్బాయికే చెందాలి. దానికి ఎడమ చెయ్యి కుట్టాను. పట్టీలు కట్టుకుని, రెండు చేతులతో, విప్పి మళ్లీ మళ్లీ కుట్టాను. భుజం దగ్గర కుట్టు వంకర పోయింది. సరిచేయలేదు. తొడుక్కుంటే తొడుక్కోనీ, లేకపోతే మడిచి పెట్టుకోనీ. పారెయ్యడానికి మాత్రం వీల్లేదు.

4. దుకాణం, మోటారు మిషన్లు, కటింగ్ బల్ల, ఇస్త్రీపెట్టె, అద్దం, గోడకున్న కొక్కేలతో సహా కటింగ్ మాస్టరుకి సర్వహక్కులతో చెందాలి. అతను నన్ను అక్కా అంటాడు, చెప్పిన మాట వినడు, కాలర్ల విషయంలో అతని అభిప్రాయం తప్పు. ఆ మధ్యాహ్నం నేను కసిరినందుకు అలిగి కూర్చునుంటే ఈ కాగితం ఉండేది కాదు. పట్టీల తొడుగులు ఇప్పుడు వేరే ఆస్పత్రులవాళ్లు కూడా కుట్టించుకుంటున్నారు. ఆ పని ఆపకూడదు. ఫోన్లవాళ్లు మళ్లీ వస్తే కూర్చోబెట్టి కొలతలు తీసుకోమనండి.

5. నా స్కాన్ ఫిల్ములు స్కాన్ డాక్టరుకి చెందాలి. మొదటిరోజుదీ, ఏడాది తర్వాత తీసిందీ పక్కపక్కన పెడితే మచ్చ అంతే ఉందట. మచ్చ మారలేదు, మనిషి ఎలా మారిందో మాకూ పూర్తిగా తెలియదని ఆయన ఒప్పుకున్నారు. తెలియదని చెప్పిన డాక్టరు నాకు నచ్చారు. కుర్ర డాక్టర్లకి పాఠం చెప్పేటప్పుడు రెండూ చూపించి, తర్వాత నా గురించి చెప్పాలి.

6. నేను పోయేలోగా రెండో దెబ్బ తగిలితే, ఈసారి కుడిపక్కో మాటో ఇంకేదో పోతే, ఫిల్మ్ చూసి నా తరఫున ఎవరూ మాట్లాడకూడదు. ముందు నన్ను అడగాలి. జవాబు రాకపోతే ఇంకోవైపు కూర్చుని అడగాలి. అక్కడా రాకపోతే, నాకు విసుగొచ్చిందనుకుని మర్నాడు అడగాలి. ఇంతకాలమైంది, ఇక మెరుగుపడదని గడువులు చెప్పేవాళ్లని గదిలోకి రానివ్వకూడదు.

7. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మా కోడలికి అప్పగిస్తున్నాను. అబ్బాయి నా మాట వినడు, ఆమె మాట వింటాడు. నా బంగారు గొలుసు ఆమెకి చెందాలి. విచారణ రోజున కుర్చీ మారినందుకు కాదు. అంతకుముందునుంచే ఇద్దామనుకుంటున్నాను, చెప్పలేదంతే.

ఇది చెల్లదని ఎవరైనా దావా వేసేటట్టయితే వెయ్యవచ్చు. నేను లేని విచారణలో గెలవడం సులువే. అయినా ఉత్తర్వు నకలు చదివి మరీ వెయ్యమంటున్నాను.

రాసింది నేనే, మా దుకాణంలో, కటింగ్ బల్ల మీద, తలుపులు తీసే ఉంచి. చదువుకుని, సరిగ్గా ఉందని తేల్చుకున్నాను. స్వహస్తాలతో సంతకం చేశాను అని రాయడం ఆనవాయితీ అని లాయరు చెప్పారు. హస్తాలు అంటే రెండు. కుడిచేతిది ఒక్కటి చాలు, మిగతాది మాటవరసకేనని ఆయనంటున్నారు. నేను ఒప్పుకోలేదు. రెండోదీ పెడుతున్నాను. ఆలస్యమవుతుంది. సాక్షులు కూర్చోవచ్చు.

తేదీ: ఈ నెల పదకొండు, మంగళవారం

కుడిచేతి సంతకం: టైలరమ్మ

ఎడమచేతి సంతకం: టైలరమ్మ

సాక్షులు:
1. పక్క కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన
2. మెట్ల మీద పుస్తకాలు అమ్మే ఆవిడ (రెండు సంతకాలూ అయ్యేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం, చూశాం)