గద్దె పక్కన కుర్చీ

ఆర్మూర్,
మార్చి 2006

గంగారాం సేటుగారికి, మీ పసుపు దుకాణంలో లెక్కలు రాసే గుమాస్తా నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

నా పోలియో కాలికి ఇనుప పట్టీ ఉంది, కాలు వంగదు. నేల మీది గద్దె నుంచి లేవాలంటే హమాలీ దేవయ్య చంకల్లో చేతులేసి ఎత్తాలి. అందుకే చేరిన నాటి నుంచి కుర్చీ అడుగుతున్నాను. "లక్ష్మి ముంగట కుర్చీల కూసుంటవా? గద్దె మీదనే లెక్కలు రాయాలె, మా తాతల రివాజు" అన్నారు మీరు.

పోయిన వారం మీ మోకాలు వాచింది. డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. సాయంత్రానికల్లా గద్దె పక్కన మెత్తటి కుర్చీ వెలిసింది. లక్ష్మీదేవి అలిగి మాక్లూర్ బస్సెక్కిందేమోనని చూశాను. గోడ మీది పటంలోనే ఉంది. మీ మోకాలిని అంత తొందరగా మన్నించిన తల్లికి నా కాలంటే ఎందుకంత కోపమో మీరే అడిగి చెప్పండి.

"సేటూ, గీయనకు గూడ ఒకటి తెప్పియ్యరాదుండ్రి" అన్నాడు దేవయ్య.

"ఆయనకు అలవాటైంది తియ్ రా" అని నవ్వారు మీరు.

అలవాటైంది నాకు కాదు, నన్ను ఎత్తే దేవయ్యకు. రేపు మా ఇంటి కుర్చీ రిక్షాలో తెచ్చుకుంటాను. దాన్ని లోపలికి రానిస్తే లెక్కలు రాస్తాను. లేదంటే పుస్తకాలు మీ ఒళ్లో పెట్టి వెళ్తాను. మీకు కుర్చీ ఉంది కదా, కూర్చుని రాసుకోండి.

ఇట్లు,
మీ గుమాస్తా