జడ అంచు ఆపిల్ పై

నార్డాల్, సాస్కచువాన్
సెప్టెంబరు 10

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు థోరాకు అక్క ఆల్వినా వందనాలు.

మోకాళ్ల నొప్పులు తప్ప ఇక్కడ కులాసా. పోయిన నెల మా పాస్టర్ గారు, కుడిచెయ్యి చేసే మంచి ఎడమచేతికి తెలియకూడదని ప్రసంగించారు. ఆ మాట నా గుండెలో దిగిపోయింది. ఆ వారమే రహస్య సేవ మొదలుపెట్టాను. పిండి రొట్టెలో ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన 'ఆపిల్ పై' ఒకటి ఒంటరివాళ్ల గుమ్మంలో పెట్టి, బెల్ కొట్టి, కారెక్కి ఉడాయిస్తున్నాను. పళ్లెం అడుగున నా పేరు రాసిన టేపు కూడా పీకేశాను. అమ్మ నేర్పినట్టు చుట్టూ పిండిని జడలా అల్లే ఆ జడ అంచు మాత్రం మానలేదు. దేవుడికిచ్చేది బోడిగా ఇస్తామా?

ఇంత చేస్తే, అవన్నీ మార్లిస్ చేసినవని ఊరంతా చెబుతోంది! నిన్న గుడిలో ఇంగ్వాల్డ్ తాత నా ఎదుటే, "మార్లిస్ తల్లీ, నీ చెయ్యి చల్లగుండ" అన్నాడు. ఆవిడ "నాకేం తెలీదండీ, ఎవరు చేశారో గానీ దేవుడు వాళ్లని దీవించాలి" అని నా వంక చూసి నవ్వింది. నా ఒళ్లు మండిపోయింది. నిండా పన్నెండేళ్లు లేవు ఆవిడ మన సంఘంలో చేరి!

నీ అక్క,
ఆల్వినా

తా.క. నాకు అసూయ లేదు. ప్రార్థన చేసి మరీ చూసుకున్నాను.

విన్నిపెగ్
సెప్టెంబరు 19

అక్కా, వందనాలు.

రహస్య సేవ అన్నావు, రహస్యం నిలిచింది. ఇంకా ఏడుపెందుకే? పరలోకంలో నీ పేరే రాసుకుంటారు. ఓపిక పట్టు. తొందరపడి ఏదీ చెయ్యకు.

నీ చెల్లి,
థోరా

తా.క. నాకూ ఒకటి పంపు. నా దగ్గర రహస్యం అక్కర్లేదు.

నార్డాల్
అక్టోబరు 3

చెల్లీ,

పరలోకంలో రాసుకుంటారు సరే, అక్కడ కూడా మార్లిస్ పేరు రాసుకుంటున్నారేమోనని నా భయం. మొన్న గాయకబృందంలో ఆవిడకి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాల్సి వచ్చింది, నా పిండి, నా ఆపిళ్లు, నా మోకాళ్లు పెట్టుకుని! ఆవిడేమో ఫోర్కుతో నాలుగు గీతలు గీసి అదే అంచు అనుకునే రకం.

అందుకే ఒక పని చేశాను. సంఘ పెద్దల సమావేశానికి పాస్టర్ గారింటి గుమ్మంలో ఒకటి పెట్టాను. చక్కెర బదులు ఉప్పు పోశాను. పేరంతా ఆవిడదే కదా, ఇదీ ఆవిడ ఖాతాలోకే పోతుంది.

ఆల్వినా

తా.క. దానికి కూడా జడ అంచు చక్కగానే అల్లాను. పగ పగే, పనితనం పనితనమే.

విన్నిపెగ్
అక్టోబరు 12

ఓసి పిచ్చి అక్కా,

పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు. అది నువ్వేనని మొదటి వారమే ఊరందరికీ తెలిసిపోయిందట. ఆ చుట్టుపక్కల జడ అంచు వచ్చింది నీకొక్కదానికేగా! టేపు పీకేసి, సంతకం అల్లి పెట్టావు. నువ్వు గుట్టుగా చేసుకోవాలని ముచ్చటపడుతున్నావని, కావాలంటే తన పేరు చెప్పుకోమని మార్లిసే అందరినీ బతిమాలిందట.

ఇక ఉప్పు సంగతి. నీకు మతిమరుపు ముదిరిందని అందరూ తేల్చేశారు. నెలంతా రోజుకొకరు నీకు భోజనం తెస్తారు. ఆ జాబితా రాసింది మార్లిస్. గురువారం మొదటి వంతు తనదే. నీకు రెండే దారులు. మతి పోయిందని ఒప్పుకో, లేదా కుళ్లుతో చేశానని ఒప్పుకో.

థోరా

తా.క. పాస్టర్ గారు రెండు ముక్కలు తిన్నారట. మొదటిది తెలియక, రెండోది నీ మీద ప్రేమతో.

నార్డాల్
అక్టోబరు 20

చెల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు తలుపు తియ్యలేదు. గురువారం మార్లిస్ బంగాళాదుంప సూపు తెచ్చింది. చిన్నపిల్లతో మాట్లాడినట్టు, "ఆల్వినా గారూ, ఇవాళ ఏ వారమో గుర్తుందా అండీ?" అంది. ఏదైనా భరించేదాన్ని గానీ అదొక్కటి భరించలేకపోయాను.

"గురువారం. ఉప్పు కావాలనే పోశాను. నీ పేరు చెడాలని పోశాను" అనేశాను.

గరిటె కింద పెట్టి కూలబడింది. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది. "మీ జడ అంచు చూసి పదకొండేళ్లుగా కుళ్లిపోతున్నానండీ. తలుపేసుకుని ఎన్ని పిండిముద్దలు పారబోశానో! మీ గుట్టు కాపాడతానని నా పేరు చెప్పమన్నాను గానీ, అందరూ మెచ్చుకుంటుంటే రెండు నెలలూ నిజంగా నేనే చేసినట్టు మురిసిపోయాను" అంది.

నాకు సిగ్గేసింది. కాస్త సంతోషమూ వేసింది, అబద్ధమెందుకు? ఎవరి కుళ్లు పెద్దదో తేల్చుకోబోయి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. శనివారం తనకి జడ అంచు నేర్పుతున్నాను. చివరి మలుపు మాత్రం వచ్చే ఏడాది చూద్దాం.

నీ అక్క,
ఆల్వినా

తా.క. సూపులో ఉప్పు చాల్లేదు. పల్లెత్తు మాట అనకుండా గిన్నె ఖాళీ చేశాను. ఈ మంచిపని ఎవరికీ తెలియదు. పాస్టరమ్మ గారు ఫోన్ చేస్తే మాటల్లో మాటగా చెప్పు.