బకెట్ల పడని పొట్లాలు

2012 జూన్ 6
నా బిడ్డ సునీత ఇయ్యాల పశువుల డాక్టరమ్మగ మన కోళ్ల షెడ్డుకే వచ్చింది! ఎంత సంబురమో… రాయరాదు. అందరికి ఇచ్చినట్టే నాకూ ఒక మూత బకెట్. కోళ్లకు వాడిన మందుల ఖాళీ సీసలు, పొట్లాలు దాంట్ల వెయ్యాలె. కోళ్లు అమ్ముడుపోయినంక లెక్కపెట్టి, ఏ షెడ్డుల ఎంత వాడిన్రో పోలుస్తదట. కొత్త బకెట్‌నే మళ్ల కడిగి పెట్టిన.

జూలై 12
పక్క షెడ్డు మల్లేశం బకెట్ల ఆరు సీసలు. నాదాంట్ల రెండే! ఊరంత చెప్పుకొచ్చిన — నా బిడ్డ లెక్కల నేనే ఫస్ట్.

జూలై 14
కోళ్లు పోయినయ్. సునీత లెక్క చూసింది. ఇద్దరం సమానమేనట! "మల్లేశం కాకకు నీకన్నా మూడింతల కోళ్లున్నయ్ బాపు. కిలో కోడికి మందెంత పడ్డదో చూడాలె." సీసకు సీస చూస్తే సరిపోయేది గద… ఏం లెక్కలో. కానీ ఎంత మంచిగ చెప్తది!

జూలై 15
చాయ్ తాగుకుంట గోడ దిక్కు చూసింది. నా మిరప నారు.
"బాపు, ఇవేంది?"
"నారు బిడ్డా."
"నారు కాదు, నారు పెట్టిన పొట్లాలు."
"అది మందు కాదే, బలం పొడి. కోడిపిల్లలు దిగంగనే నీళ్లల్ల కలుపుత, వాన పడ్డా కలుపుత."
మట్టి తుడిచి చదివింది. యాంటీబయాటికేనట. రోగం లేకున్నా తాపిన్నట. ఒక్కొక్క మొక్క కాడ వంగి లెక్కపెట్టింది — ఇరవై రెండు. ఇగ నేను ఫస్టే… ఎక్కువ వాడినోళ్లల్ల.

జూలై 16
"జర తక్కువ రాయి బిడ్డా, ఊర్ల మొఖమెట్ల చూపియ్యాలె?"
"లెక్కల పేర్లుండయ్ బాపు. నీకు తగ్గిస్తే అందరి లెక్కా అబద్ధమే."
పేర్లు లేకుంటేంది? మల్లేశం గోడ అవతలికెల్లి — "అన్నా, నీ మిరపకు జ్వరం గిట్ల రాదులే!"
తిట్టబోయిన… నవ్వొచ్చింది.

జూలై 30
కొత్త పిల్లలు దిగినయ్. పొడి కలపనని బిడ్డకు మాటిచ్చిన. ఊకె తాపితే, నిజంగ రోగమొచ్చినప్పుడు మందు పనిచెయ్యదట. మందుల దుకాణపాయన మాత్రం ఒక పొట్లం జేబుల కుక్కే పంపిండు.

జూలై 31
మూలకు మూడు పిల్లలు ముడుచుకున్నయ్. సునీతకు ఫోన్ చేసిన. "వస్తున్న బాపు, నేను చూసేదాక ఏం కలపకు. వెచ్చగుంటది, బల్బు జర కిందికి దించు." ఆరాంఘర్ చౌరస్తా కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నదట. బల్బు దించిన. బకెట్ ఖాళీ. పొట్లం చేతుల్నే ఉన్నది.
ముడుచుకున్నయ్ మూడు కాదు… ఐదు.