డేల్ వెయ్యని పాచిక

నవంబర్ 11, శనివారం

హాడ్రిక్ పడిపోయాడు. హాడ్రిక్ అంటే, పాచికలు వేస్తూ కథ నడిపే మా ఆటలో డేల్ ఆడే యోధుడు. చచ్చి లేచిన ప్రతిదాన్నీ తిరిగి మట్టిలో పడుకోబెడతానని దేవుడి మీద ఒట్టేసుకున్నవాడు. నేను ఆడేది ఇస్మా అనే మంత్రగత్తెను. దాని పనే అస్థిపంజరాలను లేపి వెంట తిప్పుకోవడం. వాటికి తిండి అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు, చీకటి గుహలో ముందు నడవమంటే నడుస్తాయి. గోర్డీ ఇంటి బేస్‌మెంట్‌లో ఒకే టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని ముప్పై ఏడేళ్లుగా డేల్, నేను ఈ విషయం మీదే పోట్లాడుకుంటున్నాం.

ఇవాళా అంతే. ఆ ఎముకలు ఏ తల్లి కన్న బిడ్డవో, నీ దగ్గర జీతం లేని కూలీలుగా పనిచేస్తామని అవేమైనా చెప్పాయా మార్లిస్ అన్నాడు. నీలాగా సణగవు, అది చాలు నాకు అన్నాను. ఎప్పుడో ఒకరోజు ఇస్మా తల నా కత్తితోనే పగలగొడతాను చూడు అన్నాడు. ఇద్దరికీ పింఛను వచ్చేలోపు కానివ్వమన్నాను. మాతోపాటు దొంగ పాత్ర ఆడే ఆర్లెన్ నవ్వి కాఫీ ఒలకబోసుకున్నాడు.

ఆ తర్వాత హాడ్రిక్‌కి రాక్షసుడి దెబ్బ తగిలింది. పడిపోయినవాడు ఇరవై ముఖాల పాచిక వేస్తూ ఉండాలి. పదీ ఆపైన పడితే బతుకు వైపు ఒక గీత, తగ్గితే చావు వైపు ఒక గీత. ఏ వైపు మూడు గీతలు ముందు నిండితే అదే ఖాయం. డేల్ రెండుసార్లు వేశాడు. రెండూ చావు వైపే.

ఈలోగా ఐదయింది. చర్చిలో లూటెఫిస్క్ విందు, ఏటా ఆ చేప ఉడికించేది డేలే. మూడోది వచ్చే వారం వేస్తాను, పాపం వాణ్ణి వారం రోజులు పడుకోనివ్వండి అన్నాడు. నీలం పాచికను, హాడ్రిక్ వివరాలు రాసుకున్న తన షీట్ మీద పెట్టి వెళ్లిపోయాడు. వచ్చే వారం కూడా ఆ చేప కంపుతోనే వస్తాడు.

నవంబర్ 15, బుధవారం, ఉదయం 9.20

పిల్లల్ని స్కూల్లో దింపి, నేను నడిపే బస్సు ఆపేసరికి గోర్డీ ఫోన్. వాకిట్లో మంచు తోస్తూ డేల్ పోయాడు. పార చేతిలోనే ఉందట.

నవంబర్ 18, శనివారం

సమాధి చేశారు. తర్వాత చర్చి కింద హాల్లో హ్యామ్ శాండ్‌విచ్‌లు, పలచటి కాఫీ. డలూత్ నుంచి కూతురు కారిన్ వచ్చింది. ఇప్పుడాయన హాయిగా ఉన్నాడులే అని అందరూ అంటున్నారు. నాకు ఒళ్లు మండింది. డేల్ ఒక్క పూట కూడా ఊరికే కూర్చోలేదు.

డిసెంబర్ 2, శనివారం

ముగ్గురమే కూర్చున్నాం. డేల్ కుర్చీ ముందు అతని షీట్, దాని మీద నీలం పాచిక, అలాగే ఉన్నాయి. గోర్డీ భార్య దుమ్ము తుడిచినప్పుడు కూడా వాటిని కదపలేదట.

ఆట నడిపేది గోర్డీ. మూడోసారి ఎవరో ఒకరు వెయ్యాలి కదా అని మెల్లగా అన్నాడు. మా టేబుల్ దగ్గర ఒకరి పాచిక ఇంకొకరు ముట్టుకోరు. మొదటి ఏడాది నుంచీ అంతే. నావల్ల కాదు అన్నాడు ఆర్లెన్. నువ్వే వెయ్యి అన్నాను గోర్డీని. చావు పడితే నేనే చంపినట్టు ఉంటుంది మార్లిస్, నన్ను అడగకు అన్నాడు.

ఆ పాచిక వంకే చూస్తూ కూర్చోలేకపోయాను. ఎవరూ వెయ్యక్కర్లేదు, హాడ్రిక్ చచ్చిపోయాడు, ఇస్మా అతన్ని లేపుతోంది అన్నాను.

ఆర్లెన్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టాడు. నిజంగానే అంటున్నావా అని గోర్డీ అడిగాడు. టేబుల్ దగ్గర అన్న మాట ఆటలో జరిగిపోయినట్టే, అది కూడా మా పద్ధతే. అవును అన్నాను.

డేల్ కుర్చీ ఖాళీగా ఉండటం నేను తట్టుకోలేను. అంతే. ఇక్కడ రాసుకుంటే ఎవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

డిసెంబర్ 9, శనివారం

హాడ్రిక్ అస్థిపంజరం బాగా పనికొస్తోంది. వంతెన దగ్గర మూడు బాణాలు మా బదులు అదే తిన్నది. తలుపు పగలగొట్టమంటే పగలగొట్టింది.

అయితే లేపిన ఎముకలు ఆటలో ఒక్క రోజే మాట వింటాయి. రోజు తిరిగేలోగా నేను మంత్రం మళ్లీ చదవాలి. చదవకపోతే అవి కూలిపోవు, నిలబడే ఉంటాయి, నావి మాత్రం కావు. దగ్గర్లో ఊపిరి ఉన్నవాళ్ల మీద పడతాయి. పాత కూలీలతో రెండుసార్లు మర్చిపోయాను. ఈ ఒక్కదాన్ని మర్చిపోలేదు. కూర్చోగానే నా మొదటి మాట అదే. లే, నువ్వు నావాడివి.

డిసెంబర్ 16, శనివారం

ఆ మాట ఎవరితో అంటున్నావు అని ఆర్లెన్ అడిగాడు.

డిసెంబర్ 30, శనివారం

ఆర్లెన్ రాలేదు. నడుం నొప్పట. ముప్పై ఏడేళ్లలో నడుం నొప్పని మానేసింది ఇదే మొదటిసారి.

జనవరి 6, శనివారం

కారిన్ వచ్చింది. ఇల్లు ఖాళీ చేస్తోందట. నాన్న ప్రతి శనివారం ఎక్కడికి పోయేవాడో ఒక్కసారి చూడాలనిపించింది అంది. లెమన్ బార్లు పట్టుకొచ్చింది. ఆర్లెన్ కూడా వచ్చాడు, నడుం సంగతి ఎవరం అడగలేదు.

కారిన్‌ను డేల్ కుర్చీలోనే కూర్చోబెట్టాం. టేబుల్ మీదున్న చిన్న యోధుడి బొమ్మ చూపించి నాన్న బొమ్మ ఇదేనా అని అడిగింది. అవునన్నాను. పక్కనే నేను రాసుకున్న కార్డు తీసి చదివింది. హాడ్రిక్, అస్థిపంజరం, మాట్లాడదు, చెప్పింది చేస్తుంది.

అస్సలు మాట్లాడడా అంది. ఎముకలు మాట్లాడవమ్మా అన్నాను. చెప్పింది చేస్తాడా, మా నాన్నా, అంది. నవ్వబోయి ఆగిపోయింది. నేను లెమన్ బార్ వంక చూస్తూ కూర్చున్నాను.

మరి ఈ పాచిక ఏమిటి అని అడిగింది. గోర్డీ ఏమీ దాచకుండా చెప్పాడు. మూడోది వేస్తానని పెట్టి వెళ్లాడు, మేం వెయ్యలేకపోయాం అన్నాడు. నాన్న వస్తానని పెట్టి వెళితే మీరు తీర్పు చెప్పేశారా అంది కారిన్. కోపంగా కూడా అనలేదు. మా పద్ధతులేవీ ఆమెకు తెలియవు. పాచిక తీసుకుని వేసేసింది.

పద్నాలుగు.

కారిన్ పెన్సిల్ అడిగి, ఎక్కడ గీయాలో కనుక్కుని, బతుకు వైపు ఒక గీత గీసింది. అంటే బతికినట్టా అని అడిగింది. కాదు, ఇంకా పోలేదు, ఇంకా వెయ్యాలి అని ఆర్లెన్ చెప్పాడు.

అతను ఇంకా కొట్టుమిట్టాడుతుండగానే నేను పాడె కట్టేశాను. ఆ ఖాళీ కుర్చీ నేను చూడలేక.

జనవరి 7

ఇవాళంతా ఏడ్చాను. పోయిన రోజు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

జనవరి 13, శనివారం

కారిన్‌ను నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. కూర్చున్నాం. నా వంతు వచ్చింది. మంత్రం చదువుతున్నావా అని గోర్డీ అడిగాడు. లేదన్నాను. మర్చిపోయావా అన్నాడు. గుర్తుంది, చదవడం లేదు అన్నాను. చదవకపోతే ఏమవుతుందో తెలుసుగా అన్నాడు. ఆ మంత్రం నాకు నేర్పింది నువ్వే గోర్డీ అన్నాను.

దగ్గర్లో ఊపిరి ఉన్నది ఇస్మా ఒక్కతే. రాక్షసుల పాచికలు వేసేది ఎప్పుడూ గోర్డీయే. ఇవాళ తన పాచిక జేబులో పెట్టుకుని, నీలం పాచిక కారిన్ వైపు జరిపాడు. పద్దెనిమిది పడింది. ఇస్మా తల పగిలింది. ముప్పై ఏడేళ్లుగా అంటున్నవాడు అన్నంత పనీ చేశాడు. ఆర్లెన్ మళ్లీ కాఫీ ఒలకబోసుకున్నాడు, ఈసారి నవ్వి కాదు.

ఆ ఎముకలను ఆర్లెన్ ఆడే దొంగ పరుగున వచ్చి సుత్తితో కూల్చాడు. డాలు కప్పి, కొండ మీద గొయ్యి తీసి పూడ్చాం. ఏదైనా చెబుతావా అని గోర్డీ కారిన్‌ను అడిగాడు. నాన్నా, ఇక ఎవరి మాటా వినక్కర్లేదు అంది.

పడిపోయిన ఇస్మా కోసం నేను పాచిక వేశాను. నాలుగు. మళ్లీ వేశాను. ఏడు. రెండు గీతలూ చావు వైపే. ఈలోగా ఐదయింది.

జనవరి 20, శనివారం, మధ్యాహ్నం 12.30

మంచు పడుతోంది. వాకిలి తోసి బయలుదేరాలి. నా పాచిక గోర్డీ ఇంట్లో నా షీట్ మీదే ఉంది. నేను రాకపోతే మూడోది ఎవరినీ అడక్కుండా నువ్వే వెయ్యమని కారిన్‌కి చెప్పాను.